పాడినవాళ్ల బొమ్మ

నందిగామ బస్టాండు ఎదుటి సందులో ఉపేంద్ర కొట్టు పొద్దున తొమ్మిదింటికి తెరుచుకుంటుంది. షట్టరు ఎత్తుతాడు, అగరొత్తి వెలిగిస్తాడు, స్పిరిట్లో ముంచిన దూదితో టేపురికార్డర్ల హెడ్లు తుడుస్తాడు, పక్కనున్న భవానీప్రసాద్ హోటల్ నుంచి టీ తెప్పించుకుంటాడు. పదహారేళ్లుగా ఇదే వరస. బోర్డు మీద 'వాగ్దేవి రికార్డింగ్ సెంటర్' అని ఉంటుంది. వాగ్దేవి అతని భార్య. సరస్వతీదేవి అనుకుని బోర్డుకి దణ్ణం పెట్టి పోయేవాళ్లూ ఉన్నారు. ఉపేంద్ర ఎవరినీ సరిదిద్దలేదు.

ఆ కొట్టుకొచ్చేవాళ్లలో పాట పేరు చెప్పి అడిగేవాళ్లు పదిమందికి ఇద్దరు. మిగతావాళ్లకి క్యాసెట్ అట్ట మీది బొమ్మే గుర్తు. "ఆ పచ్చచీరావిడ బొమ్మున్న క్యాసెట్ ఇవ్వండి", "తుపాకీ పట్టుకుని ఉంటాడే, అది" అంటారు. అందుకే, క్యాసెట్ల రోజులు అయిపోతున్నాయనీ, పాత టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి సీడీలు చేయక తప్పదనీ బావమరిది ప్రద్యుమ్న చెప్పినప్పుడు ఉపేంద్ర మొట్టమొదట అడిగింది, "అట్టలు కూడా ఎక్కుతాయా?" అని.

ప్రద్యుమ్న జగ్గయ్యపేటలో కంప్యూటర్ కోర్సులు చెబుతాడు. మూతబడిన ఒక ఇన్‌స్టిట్యూట్ నుంచి పాత కంప్యూటర్ ఒకటి ఆటోలో వేసుకొచ్చి కొట్లో పెట్టాడు. దానికి బొమ్మలు చూపించే శక్తి లేదు. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు, అంతే. మౌసు కూడా లేదు. పాట పేరు టైపు చేస్తే పాట మోగుతుంది.

"మరి అట్ట?" అన్నాడు ఉపేంద్ర.

"అక్షరాలతోనే గీయిద్దాం బావా. చీకటున్నచోట ఖాళీ, కాస్త వెలుగున్నచోట చుక్క, బాగా వెలుగున్నచోట హ్యాష్ గుర్తు. తెర మీద అడ్డంగా ఎనభై అక్షరాలు పడతాయి, నిలువున పాతిక వరసలు. ఎడమ సగం పాటల జాబితాకి, కుడి సగం నీ అట్టకి. అట్టని స్కాన్ చేసి పాటలున్న ఫోల్డర్లోనే పెడితే చాలు."

మొదట ఎక్కించింది ఒక సినిమా క్యాసెట్. అట్ట మీద తుపాకీ పట్టుకున్న హీరో. పాట మొదలైంది. తెరకి కుడిపక్కన పైనుంచి ఒక్కో వరసా నెమ్మదిగా దిగుతూ బొమ్మ పడింది. బట్టతల, కళ్లద్దాలు, చెవులకి హెడ్‌ఫోన్లు. ప్రద్యుమ్న ఫోల్డర్ తెరిచి చూశాడు. పెట్టింది హీరో బొమ్మే. మళ్లీ వేశాడు. మళ్లీ బట్టతలే వచ్చింది.

టీ గ్లాసుల కోసం వచ్చిన భవానీప్రసాద్ తెర వంక ఒకసారి చూశాడు. "హీరో ఎక్కడ పాడతాడయ్యా? పాడినాయన్నే చూపిస్తోంది. కరెక్టేగా," అన్నాడు. అదీ నిజమేననిపించింది ఇద్దరికీ.

ఊళ్లో కూడా ఎవరూ అంతకుమించి పట్టించుకోలేదు. ఉపేంద్ర కొట్లో కంప్యూటర్ ఏ అట్ట పెట్టినా పాడినవాళ్లని, పాడిన రోజు ఎలా ఉన్నారో అలా చూపిస్తుంది. మధిర బస్సు ఎప్పుడూ అరగంట ఆలస్యంగా వస్తుంది. రెండూ ఆ ఊరికి ఒకేలాంటి సంగతులు. జనం ఫిర్యాదల్లా ముక్కుల గురించే. అక్షరానికి వెడల్పు కన్నా పొడుగు ఎక్కువ కావడంతో బొమ్మలో అందరి ముక్కులూ సాగిపోయేవి. ప్రద్యుమ్న ఏవో లెక్కలు కట్టి వరసలు కుదించాడు. ముక్కులు సరిపోయాయి గానీ బుగ్గలు గుమ్మడికాయలయ్యాయి. సాగిన ముక్కే నయమని వదిలేశారు.

కంచికచర్ల నుంచి ప్రేమానందం అనే పోస్టుమాన్ వచ్చాడు. చనిపోయిన తల్లి పాడిన జోలపాట టేపు తెచ్చాడు. ఆవిడ ఫొటో వాళ్లింట్లో ఒక్కటీ లేదు. పాట వేస్తే, ఉయ్యాల తాడు పట్టుకుని వంగిన ముసలమ్మ వరస వరసగా దిగింది. పాత ప్రింటరు గరగరమంటూ ఆ బొమ్మని కాయితం మీదికి దింపింది. "కమ్మలు ఇవేనండి. ముక్కే ఇంత ఉండేది కాదు," అన్నాడు ప్రేమానందం కళ్లు తుడుచుకుంటూ. ఆ కాయితానికి ఫ్రేము కట్టించుకున్నాడని తరవాత తెలిసింది.

ఇంత ముచ్చటైన కంప్యూటర్‌కి ఉపేంద్ర ఒక్క టేపు మాత్రం చూపించలేదు. అది బీరువా కింది అరలో, పాత వైర్ల వెనక ఉండేది.

పుష్కరాలు నెలరోజుల్లోకి వచ్చాయనగా చిన్నబాబు ఫోన్ చేశాడు. ఆయనది జగ్గయ్యపేట దగ్గర పత్తి, మిరప పండించే పెద్ద కమతం. మాట కటువు, మనసు అంత కటువు కాదు.

"ఏమయ్యా ఉపేంద్రా, మన తొంభైరెండు పుష్కరాల క్యాసెట్టు సీడీ చేద్దాం. వెయ్యి కాపీలు. గురువారం అమ్మాయిని తీసుకుని వస్తున్నా. మీ కంప్యూటర్ పాడినోళ్ల బొమ్మ చూపిస్తోందటగా? మా ఉష పదిహేడేళ్ల మొహం ఓసారి చూసుకోవాలయ్యా."

"అలాగేనండి," అన్నాడు ఉపేంద్ర. ఆ తరవాత దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు.

పన్నెండేళ్ల కిందట పుష్కరాలప్పుడు వేదాద్రి రేవులో అమ్మడానికి చిన్నబాబు నరసింహస్వామి మీద ఎనిమిది పాటల క్యాసెట్ సొంత ఖర్చుతో వేయించాడు. పాడవలసింది ఆయన కూతురు ఉషశ్రీ. పాటలు ఇంకా రికార్డు కాకముందే ఆయన తొందరపడి విజయవాడలో అట్టలు అచ్చు కొట్టించేశాడు. పట్టుపరికిణీలో ఉషశ్రీ, కింద పెద్ద అక్షరాల్లో ఆమె పేరు. కొట్టు వెనకగదిలో ఉపేంద్ర గోడలకి గోనెపట్టాలు కొట్టి మైకు పెట్టాడు. చిన్నబాబు కూతుర్ని దింపి, ఏదో పని మీద మైలవరం వెళ్లాడు. ఆ పిల్ల మొదటి పాటలో పైచరణం దగ్గర ఆగిపోయింది. మళ్లీ పాడింది, మళ్లీ అక్కడే ఆగింది. నాలుగోసారికి గొంతు రాలేదు, ఏడుపొచ్చింది. హార్మోనియం ఆయన, తబలా ఆయన వాచీలు చూసుకుంటున్నారు. బయట అట్టల కట్టలు నాలుగు, గోడకి ఆనించి ఉన్నాయి.

అప్పుడు ఉపేంద్రకి రత్తమ్మ గుర్తొచ్చింది. ఆమె పత్తిమిల్లులో పనిచేసేది. అంతకుముందు డిసెంబర్లో చర్చి పాటలవాళ్లతో వచ్చి క్రిస్మస్ పాటలు రికార్డు చేయించుకుంది. నిండు గొంతు. ఉపేంద్ర స్కూటరేసుకుని మిల్లు గేటు దగ్గరికెళ్లి, సంగతి చెప్పి, ఉన్నపళంగా ఎక్కించుకొచ్చాడు.

"దేవుడి పాటేగా బాబూ, పాడతా," అంది రత్తమ్మ. ఒక్కో పాటా రెండేసిసార్లు చెప్పించుకుని, సాయంత్రానికి ఎనిమిదీ పాడేసింది. ఉషశ్రీ తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని అన్నీ వింది. వెళ్లేముందు రత్తమ్మ ఉపేంద్రని ఒక్కటే అడిగింది. "అట్ట మీద ఏదో ఓ మూల నా పేరు రాయి బాబూ. చిన్నగానే."

"చూద్దాంలే రత్తమ్మా," అన్నాడు ఉపేంద్ర.

చూడలేదు. అట్టలు అచ్చయిపోయాయి కదా అన్నది సాకు. నరసింహస్వామి పాటలు చర్చికెళ్లే రత్తమ్మ పాడిందంటే చిన్నబాబు ఏమంటాడో అన్నది అసలు భయం. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఎకో పెంచి కలిపిన ఆ గొంతుని చిన్నబాబు కూతురి గొంతనే నమ్మాడు. నమ్మాలని కూర్చున్న తండ్రిని నమ్మించడం ఎంతసేపు! పుష్కరాల్లో జనం ఆ క్యాసెట్ ఎగబడి కొన్నారు. ఒకరోజు రత్తమ్మ కూడా కొట్టుకొచ్చి ఒకటి అడిగింది. ఆమెకి చదువు రాదు గానీ తన పేరు ఎలా ఉంటుందో తెలుసు. అట్ట ముందువైపు చూసింది. వెనక్కి తిప్పి చూసింది. లోపలి మడత విప్పి కూడా చూసింది. మళ్లీ జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుని, "వస్తా బాబూ," అంది.

ఆమె నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని ఉపేంద్ర ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు. అప్పట్నుంచి బజార్లో రత్తమ్మ ఎదురొస్తే అతనికి సైకిల్ షాపులో పని గుర్తొచ్చేది. సొంత సైకిల్ లేకపోయినా సరే.

చిన్నబాబు ఫోన్ చేసిన మధ్యాహ్నం ఉపేంద్ర షట్టరు సగం దించి, బీరువాలోని ఆ టేపు కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఉషశ్రీ అట్టని ఫోల్డర్లో పెట్టాడు. రత్తమ్మ వచ్చింది. అట్ట తీసేశాడు. రత్తమ్మే వచ్చింది. లక్ష్మీనరసింహస్వామి పటం పెట్టాడు. స్వామి కూడా పక్కకి తప్పుకున్నాడు. చెవి మీద చెయ్యి పెట్టుకుని, కళ్లు మూసుకుని పాడుతున్న రత్తమ్మ. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. జుట్టంతా చుక్కలు చుక్కలుగా ఉంటే తెర పాడైందేమోనని పైపంచెతో తుడిచాడు. చుక్కలు పోలేదు. కాసేపటికి గానీ గుర్తు రాలేదు. మిల్లు నుంచి తిన్నగా తీసుకొచ్చాడుగా, అది జుట్టుకి పట్టిన దూది.

భోజనాల దగ్గర భార్యకి అంతా చెప్పాడు. గొంతు మార్చే మనిషి దగ్గర ఇంకెవరు టేపు పెడతారు, కొట్టు ఏమవుతుంది, ఆ అమ్మాయి పరువేం కాను అన్నాడు. వాగ్దేవి అంతా వింది.

"గురువారం కరెంటు పోతుందేమోలే," అన్నాడు చివరికి.

"పోతే మళ్లీ వస్తుందిగా," అంది వాగ్దేవి మజ్జిగ పోస్తూ.

గురువారం నిజంగానే కరెంటు పోయింది. చిన్నబాబు, ఉషశ్రీ కొట్లోకి వచ్చి కూర్చున్న ఐదు నిమిషాలకి ఫ్యాను ఆగింది. ఉపేంద్ర మనసులో నరసింహస్వామికి కొబ్బరికాయ మొక్కుకున్నాడు. "రెండింటిదాకా రాదేమోనండి," అన్నాడు పైకి.

"ఉంటాం. మాకేం పనుంది," అని చిన్నబాబు టీ తాగడానికి భవానీప్రసాద్ హోటల్లోకి వెళ్లాడు.

ఉషశ్రీ అక్కడే కూర్చుంది. ఇరవై తొమ్మిదేళ్లు, జగ్గయ్యపేటలో టీచరు. పొద్దున బడికెళ్లి అట్నుంచటే వచ్చిందేమో, జుట్టు మీద సుద్దపొడి ఉంది.

"మీరు భయపడుతున్నారు కదండీ?" అంది నెమ్మదిగా.

ఉపేంద్ర దూది తీసుకుని, పొద్దున తుడిచిన హెడ్లనే మళ్లీ తుడవసాగాడు.

"నాన్నని ఇక్కడికి తీసుకొచ్చింది నేనే. కంప్యూటర్ సంగతి చెప్పిందీ నేనే. పన్నెండేళ్ల నుంచి చెబుదామనుకుంటా, నోరు రాదు. పోనీ మీ కంప్యూటరే చెబుతుందని." ఆమె గోనెపట్టాల గది వైపు చూసింది. "ఆ క్యాసెట్ వచ్చినప్పట్నుంచి ఏ పెళ్లికెళ్లినా, ఉషా ఒక పాట పాడు అంటారు. గొంతు బాలేదంటా. బళ్లో ప్రార్థన కూడా పిల్లలతో చెప్పిస్తా, నేను పెదాలు ఆడిస్తా. మా ఆయన ఇంతవరకు నా పాట వినలేదండీ. నోరు విప్పితే ఆ గొంతు కాదని తెలిసిపోతుందిగా."

రత్తమ్మకి చేసిన అన్యాయం ఉపేంద్రకి తెలుసు. అట్ట మీద పేరెక్కిన పిల్లకి కూడా అన్యాయమే చేశానని ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. పేరు ఇచ్చాం కదా, ఇంకేం లోటు అనుకున్నాడు. ఒకరి పేరూ, ఒకరి గొంతూ కలిపి తానే మింగేశాడన్నమాట.

కరెంటు పన్నెండుంపావుకే వచ్చింది. ఫ్యాను తిరిగింది. చిన్నబాబు మూతి తుడుచుకుంటూ వచ్చి కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నాడు. ఉపేంద్ర పాట పేరు టైపు చేశాడు. రెండుసార్లు తప్పు పడింది. మూడోసారికి పాట మొదలైంది. బొమ్మ పై వరస దిగింది. చుక్కలున్న జుట్టు.

"అయ్యా," అన్నాడు ఉపేంద్ర. నుదురు దిగుతోంది. "బొమ్మ పూర్తయ్యేలోపే చెప్పాలి. పాడింది అమ్మాయి కాదండి. పత్తిమిల్లు రత్తమ్మ. ఆరోజు అమ్మాయికి గొంతు రాకపోతే పిలుచుకొచ్చింది నేను. పేరు రాయమని ఆమె అడిగినా రాయనిదీ నేనే. ఇందులో అమ్మాయి తప్పేం లేదు."

కళ్లు దిగాయి, చెవి మీద చెయ్యి దిగింది, సాగిన ముక్కు దిగింది, పాడుతున్న నోరు దిగింది. పాట అయిపోయేదాకా చిన్నబాబు తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

"ప్రతి పెళ్లిలోనూ వేయించానయ్యా ఈ క్యాసెట్టు," అన్నాడు చివరికి. "మా అమ్మాయి పాడిందని మైకులో చెప్పించా. నన్ను ఎంత వెర్రివాణ్ణి చేశారు ఇద్దరూ!" లేచి వెళ్లిపోయాడు. ఉషశ్రీ చెప్పులేసుకుంటూ ఉపేంద్ర వైపు చూసి, తండ్రి వెనకే పరుగెత్తింది.

మూడు రోజులు ఫోన్ మోగలేదు. ఉపేంద్ర హెడ్లు తుడిచాడు, టీ తాగాడు. నాలుగోరోజు పొద్దున కొట్టు తెరవకుండానే స్కూటరు తీశాడు. మిల్లు గేటు దగ్గర దారి అలాగే ఉంది. రత్తమ్మ జుట్టులో ఇప్పుడు దూది ఏదో నెరుపు ఏదో తెలియడం లేదు.

"రత్తమ్మగారూ," అన్నాడు. ఆమెని అలా పిలవడం అదే మొదలు. జేబులోంచి ప్రింటు తీసి ఇచ్చాడు. బొమ్మ కింద ఆమె పేరు ప్రింటయి ఉంది. ఆమె బొమ్మ కన్నా ముందు పేరే చూసింది. వేలితో ఒక్కో అక్షరం తడిమింది.

"ఇన్నాళ్లకా బాబూ?" అంది.

"తప్పయిపోయింది."

"కార్తీకమాసం వస్తే తెల్లారుగట్ల మైకులో నా గొంతే నన్ను నిద్రలేపేది. లేచి, ఎవరు పాడుతున్నారే అనుకునేదాన్ని." రత్తమ్మ నవ్వింది గానీ కళ్లలో నీళ్లు ఆగలేదు. ఉపేంద్రకీ ఆగలేదు. గేటు కాపలా స్తెఫను ఇద్దరినీ చూసి, ఎందుకొచ్చిన గొడవని, కుండలోంచి చెరో గ్లాసు నీళ్లు ముంచి ఇచ్చాడు.

ఆ సాయంత్రం చిన్నబాబు నుంచి ఫోనొచ్చింది. "వెయ్యి కాపీలూ వెయ్యి. అట్ట మీద ఆమె బొమ్మే ఉండాలి, ఆ కంప్యూటర్ బొమ్మే. పేరు పెద్దక్షరాల్లో. పన్నెండేళ్లు కార్తీక స్నానం ఆ గొంతు వింటూ చేశానయ్యా. ఆ గొంతుతో నాకేం తగువు? తగువల్లా నీతోనే. అది అలా ఉండనీ." తరవాత గొంతు తగ్గించాడు. "అమ్మాయి నిన్న వంటింట్లో ఏదో కూనిరాగం తీసింది. నన్ను చూసి ఆపేసింది. ఏం చేయాలో నాకు తెలియడం లేదు."

పుష్కరాలు వారం ఉన్నాయనగా ఉషశ్రీ కొట్టుకొచ్చింది. అప్పటికే రత్తమ్మ అక్కడుంది, కొత్త అట్టలు సీడీ పెట్టెల్లో దూరుస్తూ. ఒక్కోటీ దూర్చేముందు పేరు చూసుకుంటోంది. వెయ్యి సార్లు చూసినా ఆమెకి విసుగు రాలేదు.

"రత్తమ్మగారూ, నేను..." అంది ఉషశ్రీ.

"నువ్వేం చెప్పొద్దమ్మా. ఆరోజు నేనొచ్చేసరికి నువ్వు ఒక్కదానివే మళ్లీ పాడి చూసుకుంటున్నావు. బయట నిలబడి విన్నా. నీకు గొంతు పోలేదు. గోడకి ఆనించిన అట్టలు చూసి భయమేసింది, అంతే. రా, ఆ చరణం పాడు."

"ఇప్పుడా?"

"ఇప్పుడు నీ పేరుతో అట్ట లేదుగా!"

గోనెపట్టాల గదిలో ఉపేంద్ర మైకు పెట్టాడు. హార్మోనియం లేదు, తబలా లేదు. రత్తమ్మ స్టూలు మీద కూర్చుని తొడ మీద తాళం వేసింది. ఉషశ్రీ కళ్లు మూసుకుంది. పైచరణం దగ్గర గొంతు కొంచెం జారింది, కానీ ఆగలేదు. చరణం దాటి అవతలికి సాగిపోయింది. పాట అయ్యాక, "మళ్లీ ఒకసారి పాడతారా, అక్కడ కాస్త..." అని ఉపేంద్ర మొదలుపెట్టాడు. రత్తమ్మ అతని వంక ఒక్క చూపు చూసింది. అతను నోరుమూసుకుని పాటని కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఫోల్డర్లో ఏ బొమ్మా పెట్టలేదు.

ముగ్గురూ తెర ముందు నిలబడ్డారు. ఒక్కో వరసా దిగింది. సుద్దపొడి చుక్కలున్న జుట్టు, మూసిన కళ్లు, జానెడు ముక్కు, విప్పిన నోరు. పరికిణీ కట్టిన పిల్ల కాదు. ఇరవై తొమ్మిదేళ్ల ఉషశ్రీ.

ఉషశ్రీ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందు ఏడ్చింది. ముక్కు చూసుకుని తరవాత నవ్వింది.

ఉపేంద్ర ప్రింటు తీశాడు. జేబులోంచి పెన్ను తీసి బొమ్మ కింద పేరు రాయబోయి ఆగాడు. కాయితాన్నీ పెన్నునీ ఆమె ముందుకి జరిపాడు.

"మీరే రాసుకోండమ్మా," అన్నాడు.